బడిలో బోధనేతర సిబ్బందికి శిక్షణ ఎలా ఇవ్వాలి

పొద్దున బడికి బయల్దేరిన పిల్లాడికి ముందుగా ఎదురయ్యేది బస్సు డ్రైవరు. గేటు దగ్గర వాచ్‌మన్. మెట్ల మీద పడి మోకాలు గీసుకుపోతే పరిగెత్తుకొచ్చేది ఆయా. ఫీజు కట్టలేదని భయపడుతూ ఆఫీసు కిటికీ దగ్గర నిలబడితే మాట్లాడేది క్లర్కు. బడిలో పిల్లల రోజు చాలావరకు పాఠాలు చెప్పని వాళ్ల చేతుల మీదుగానే గడుస్తుంది.

టీచర్లకు ఏటా వర్క్‌షాపులు, ఓరియంటేషన్లు ఉంటాయి. వీళ్లకు మాత్రం చాలా చోట్ల ఏడాదికోసారి హాల్లో కూర్చోబెట్టి ఒక ప్రసంగం, చివర్లో గ్రూప్ ఫోటో. ఆ ప్రసంగానికీ వాళ్లు రోజూ చేసే పనికీ సంబంధం ఉండదు కాబట్టి పని ఏమీ మారదు. మీరు హెడ్మాస్టరైనా, ఆఫీసు బాధ్యతలు చూసేవారైనా, యాజమాన్యంలో ఉన్నా, ఈ పద్ధతిని మార్చడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. వాళ్ల పనిని దగ్గర నుంచి చూసి, దాన్నుంచే శిక్షణను తయారుచేసుకోవాలి. ఎలాగో వరుసగా చూద్దాం.

1. ఎవరెవరున్నారో, ఏం చేస్తున్నారో రాయండి

ముందు ఒక జాబితా. ఆఫీసు, లైబ్రరీ, ల్యాబ్, వంటగది, బస్సులు, శుభ్రత, కాపలా, తోట, మరమ్మతులు. కాంట్రాక్టు మీద వచ్చేవాళ్లను, ఏజెన్సీ పంపేవాళ్లను, సగం రోజు పనిచేసేవాళ్లను కూడా రాయండి. జీతం ఎవరిస్తున్నా పిల్లల మధ్య తిరిగే మనిషి మీ జాబితాలో ఉండాలి. సాధారణంగా తప్పిపోయేది వీళ్లే.

ప్రతి పేరు పక్కన హోదా రాసి ఊరుకోవద్దు, నిజంగా చేసే పనులు రాయండి. అటెండర్ అని కాగితం మీద ఉన్నాయన జ్వరం వచ్చిన పిల్లల్ని ఇంటికి దింపుతూ ఉండొచ్చు. ఆయా అనుకున్న ఆవిడ నర్సరీ పిల్లలకు మందులు వేస్తూ ఉండొచ్చు. ఏమీ నేర్పకుండా అప్పగించిన ఇలాంటి పనులు ఈ దశలోనే బయటపడతాయి. కొన్నిటిని చూశాక మీకే అనిపిస్తుంది, ఇది ఈ మనిషి చేయాల్సిన పని కాదు అని. అప్పుడు శిక్షణ మాట అటుంచి, ముందు ఆ పనిని సరైన వాళ్లకు మార్చండి.

2. అడగండి, కానీ సరిగ్గా అడగండి

"మీకు ఏ ట్రైనింగ్ కావాలి?" అని అడిగితే "మీ ఇష్టం సార్, మీరు ఏదంటే అదే" అంటారు. అందులో ఆశ్చర్యం లేదు. ఎదురు చెబితే ఏమవుతుందో అన్న జంకు వాళ్లకు ఏళ్ల తరబడి అలవాటైంది. మీ గదిలోకి పిలిచి, వాళ్లను నిలబెట్టి అడిగే ప్రశ్నకు నిజమైన జవాబు రాదు. వాళ్లు కూర్చునే చోటికి మీరే వెళ్లి కూర్చోండి. బస్సులో ఒక ట్రిప్పు తిరగండి. వంటగదిలో ఒక పూట ఉండండి. చూస్తూ మెల్లగా మూడు సంగతులు అడగండి:

ఈ పనిలో మీకు ఎప్పుడు భయమేస్తుంది?
ఎవరూ చెప్పకపోతే మీ అంతట మీరే నేర్చుకున్నది ఏమిటి?
ఈ మధ్య ఏం చేయాలో తోచక ఆగిపోయిన సందర్భం ఏదైనా ఉందా?

మూడో ప్రశ్నకు వచ్చే జవాబులే మీ సిలబస్. ఫిట్స్ వచ్చిన పిల్లను చూసి చేతులాడలేదని ఒకరు చెబుతారు. తల్లిదండ్రులు విడిపోయిన పిల్లాడిని తీసుకెళ్తానని తండ్రి గేటు దగ్గరికి వస్తే పంపాలో వద్దో తెలియలేదని ఇంకొకరు చెబుతారు. చెప్పినవాళ్లను ఆ క్షణంలో తప్పుబట్టకండి. ఒక్కసారి తప్పుబడితే తర్వాత ఎవరూ నోరు విప్పరు.

3. ఏది ముందో తేల్చుకోండి

పోగైన అవసరాలన్నిటికీ ఒకే ఏడాదిలో శిక్షణ ఇవ్వలేరు. వరుస ఇలా పెట్టుకోండి: తెలియకపోతే పిల్లల ప్రాణానికో మనసుకో దెబ్బ తగిలేవి మొదట, పనిచేసే మనిషికే ప్రమాదం తెచ్చేవి తర్వాత, పని ఆలస్యమయ్యేవి, తికమక పెట్టేవి ఆ తర్వాత. కొత్త సాఫ్ట్‌వేర్ ఎంత అర్జెంటుగా కనిపించినా మూడో వరుసలోదే. పిల్లల రక్షణ, ప్రథమ చికిత్స, అగ్నిప్రమాదం, పిల్లల వివరాలను గోప్యంగా ఉంచడం మాత్రం తోటమాలితో సహా అందరికీ.

4. సమయం, జీతం సంగతి ముందే తేల్చండి

చాలా శిక్షణలు దెబ్బతినేది ఇక్కడే. ఆదివారం రమ్మని, డ్యూటీ అయ్యాక ఆగమని చెబితే వాళ్లు వస్తారు, కానీ మనసంతా ఇంటి మీదే ఉంటుంది. శిక్షణ కూడా పనే. అది పని గంటల్లోనే జరగాలి. తప్పనిసరిగా సెలవు రోజు పెట్టాల్సి వస్తే ఆ రోజుకు జీతమో, బదులు సెలవో ఇవ్వాలి. యాజమాన్యం దీనికి ఒప్పుకోకపోతే మిగతా ప్రణాళిక ఎంత బాగున్నా నిలవదని నా గట్టి నమ్మకం.

ఒక్కొక్కరి రోజు ఒక్కో రకంగా ఉంటుంది. డ్రైవర్లు, బస్సు హెల్పర్లు పొద్దున ట్రిప్పుకీ సాయంత్రం ట్రిప్పుకీ మధ్య ఖాళీగా ఉంటారు. వంటవాళ్లకు గిన్నెలు సర్దేశాక కాస్త వెసులుబాటు దొరుకుతుంది. ఆఫీసు వాళ్లను అడ్మిషన్ల నెలల్లో, పరీక్షల ముందు కదిలించొద్దు. ఆయాలందరినీ ఒకేసారి పిలిస్తే పిల్లల టాయిలెట్ల దగ్గర ఎవరూ ఉండరు కాబట్టి రెండు జట్లు చేయండి. ముప్పై నలభై నిమిషాల సెషన్, ఒక్కో జట్టులో ఏడెనిమిది మంది చాలు. రోజంతా సాగే శిబిరం కంటే రెండు వారాలకోసారి జరిగే చిన్న సెషన్ ఎక్కువ పనిచేస్తుంది. జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన జ్ఞాపకశక్తి మీదే ప్రయోగాలు చేసి 1885లోనే రాశాడు: కొత్తగా నేర్చుకున్నది మొదటి గంటల్లో, రోజుల్లోనే చాలా వేగంగా జారిపోతుంది, విరామాలిచ్చి మళ్లీ మళ్లీ చూసుకుంటే నిలుస్తుంది.

5. పిల్లల రక్షణ: దీన్ని తొందరపడి ముగించొద్దు

ఐక్యరాజ్యసమితి 1989 నవంబరు 20న ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక మూడో అధికరణంలోనే ఒక మాట ఉంది. పిల్లల్ని చూసుకునే సంస్థలు భద్రత, ఆరోగ్యం విషయంలోనూ, సిబ్బంది సంఖ్య, యోగ్యత, పర్యవేక్షణ విషయంలోనూ నిర్ణీత ప్రమాణాలు పాటించేలా ప్రభుత్వాలు చూడాలి. అక్కడ సిబ్బంది అంటే టీచర్లు మాత్రమే అని లేదు. పంతొమ్మిదో అధికరణం పిల్లలను అన్ని రకాల హింస నుంచి, నిర్లక్ష్యం నుంచి కాపాడాలంటుంది. ఆ హింస ఆనవాళ్లు ముందుగా కంటపడేది తరచుగా బోధనేతర సిబ్బందికే. బట్టలు మార్చేటప్పుడు ఒంటి మీది వాతలు ఆయాకు కనిపిస్తాయి. ఒక స్టాపు దగ్గర దిగడానికి పిల్ల ఎందుకో మొరాయిస్తోందని డ్రైవరు గమనిస్తాడు. ఎప్పుడూ ఒక్కడే వచ్చి మూల కూర్చునే పిల్లాడు లైబ్రేరియన్‌కు తెలుసు.

కాబట్టి మొదట గమనించడం నేర్పండి. పాత గాయం మానకముందే కొత్త గాయం, హఠాత్తుగా మారిన ప్రవర్తన, ఒక ప్రత్యేకమైన మనిషిని చూస్తే వణుకు, వయసుకు మించిన మాటలు. వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు. రుజువు వెతకడం వాళ్ల పని కాదని స్పష్టంగా చెప్పండి. చూసింది చెప్పడమే వాళ్ల పని.

తర్వాత వినడం. పిల్లలు ఏదైనా చెప్పడం మొదలుపెడితే మధ్యలో అడ్డుపడొద్దు, నిజమా అని నిలదీయొద్దు, గుచ్చి గుచ్చి అడగొద్దు. "ఎవరికీ చెప్పనులే" అని మాటివ్వొద్దు. ఆ మాట నిలబెట్టుకోలేరు, పిల్ల మళ్లీ ఎవరినీ నమ్మదు. దాని బదులు ఇలా అనడం ప్రాక్టీసు చేయించండి: "నాకు చెప్పి మంచిపని చేశావు. ఇందులో నీ తప్పేం లేదు. నీకు సాయం చేయగలిగిన వాళ్లకు నేను చెప్పాలమ్మా." చదివి వినిపిస్తే ఇది నోటికి రాదు. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, ఒకరు పిల్లగా, ఒకరు ఆయాగా రెండు మూడు సార్లు పలికించండి. మొదట్లో సిగ్గుపడతారు, తర్వాత గొంతు స్థిరపడుతుంది.

విన్నది అదే రోజు, పిల్ల వాడిన మాటల్లోనే రాయాలి. రాయడం రానివాళ్లు, ఇలాంటి విషయాలు వినడానికి బడి నియమించిన బాధ్యుడికి నేరుగా చెబితే ఆయన వాళ్ల ఎదురుగా రాసి చదివి వినిపించాలి. ఆ బాధ్యుడెవరో పేరుతో సహా అందరికీ తెలిసి ఉండాలి. ఫిర్యాదు ఆ బాధ్యుడి మీదే అయితే? ప్రిన్సిపాల్ మీదే అయితే? దానికి రెండో దారి కూడా ముందే ప్రకటించాలి. ఒక టీచరు మీద నోరెత్తితే తన ఉద్యోగం పోతుందని స్వీపరుకు భయం ఉంటుంది, ఆ భయానికి కారణాలూ ఉంటాయి. చెప్పినందుకు ఎవరి మీదా చర్య ఉండదని యాజమాన్యం సంతకం చేసిన కాగితం గోడ మీద పెట్టండి, సెషన్‌లో గట్టిగా చదవండి. అదేమీ చేయకుండా ధైర్యంగా ముందుకు రండి అని చెప్పడం అన్యాయం.

వాళ్ల సొంత ప్రవర్తనకు కూడా హద్దులు కావాలి. తలుపు మూసిన గదిలో ఒక్క పిల్లతో ఉండకపోవడం, పిల్లల ఫోటోలు సొంత ఫోన్లో తీయకపోవడం, రహస్యంగా బహుమతులు ఇవ్వకపోవడం, చిన్నపిల్లలకు టాయిలెట్లో సాయం చేసేటప్పుడు ఏం చేస్తున్నామో పిల్లకు చెబుతూ చేయడం. ఇవి వాళ్ల మీద అనుమానంతో పెట్టినవి కావని, లేనిపోని నిందల నుంచి వాళ్లను కూడా కాపాడతాయని చెప్పండి.

6. ప్రమాద సమయాలు: చేతులతోనే నేర్పాలి

స్లైడ్లు చూపించి సీపీఆర్ (గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కుతూ, నోటితో శ్వాస ఇవ్వడం) నేర్పలేరు. గుర్తింపు ఉన్న శిక్షకుడిని పిలిపించి బొమ్మ మీద ప్రతి ఒక్కరితో చేయించండి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకైతే 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, పిల్లలకు ఛాతీ మందంలో మూడో వంతు, 30 నొక్కులకు 2 శ్వాసలు. ఎంత బలంగా నొక్కాలో చేతికి తెలియాలి, విని తెలుసుకునేది కాదు. ఈ నైపుణ్యం కొన్ని నెలల్లోనే సన్నగిల్లుతుంది కాబట్టి ప్రతి టర్మ్‌లో పది నిమిషాలు బొమ్మ బయటకు తీయండి.

మిగతావి పరిస్థితుల రూపంలో నేర్పండి. ఫిట్స్ వస్తే గట్టిగా పట్టుకోవద్దు, నోట్లో ఏదీ పెట్టొద్దు, చుట్టూ గట్టి వస్తువులు తీసేసి గడియారం చూడాలి, కుదుపులు ఆగాక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. అయిదు నిమిషాలు దాటితే అంబులెన్సు. గొంతులో ఏదో అడ్డుపడి దగ్గలేకపోతున్న పిల్లకు, ఏడాది దాటి ఉంటే, వీపు మీద 5 దెబ్బలు, పొట్ట మీద 5 నొక్కులు, మార్చి మార్చి. కాలితే 20 నిమిషాలు చల్లని కుళాయి నీటి ధార, టూత్‌పేస్టు లాంటివి వద్దు. ముక్కు నుంచి రక్తం కారితే తల వెనక్కి వాల్చే అలవాటు చాలామందిలో ఉంది. దాన్ని మాన్పించండి. ముందుకు వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని పది నిమిషాలు నొక్కి పట్టుకోవాలి.

మంటల విషయంలో వంటగది, ల్యాబ్ వాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సింది: మండుతున్న నూనె మీద నీళ్లు పోస్తే ఆ నీరు ఒక్కసారిగా ఆవిరై మండే నూనెను నలువైపులా చిమ్ముతుంది. స్టవ్ ఆపి, దగ్గరికి వెళ్లడానికి వీలైతే మూత పెట్టాలి. కరెంటు మంటకూ నీళ్లు వద్దు. ఎక్స్‌టింగ్విషర్‌ను ప్రతి ఒక్కరూ కనీసం ఒక్కసారైనా చేత్తో పట్టుకుని పిన్ను లాగి, మంట మొదలు వైపు గురిపెట్టి, అటూ ఇటూ ఊపుతూ వాడి చూడాలి. ఇక డ్రిల్లు రోజున వాచ్‌మన్‌కు, ఆఫీసు వాళ్లకు కూడా పాత్ర ఇవ్వండి. గేటు తెరిచేది ఎవరు, హాజరు పట్టీ తెచ్చేది ఎవరు, వీల్‌చైర్‌లో ఉన్న పిల్లను దింపేది ఎవరు? ఇవి అప్పటికప్పుడు తేల్చుకునేవి కావు.

7. ఎవరి పనికి తగ్గ పాఠం వాళ్లకు

వంటవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే అయిదు సూత్రాలు చాలు: శుభ్రత, పచ్చివీ వండినవీ వేరుగా, లోపలి వరకు బాగా ఉడికించడం, సరైన ఉష్ణోగ్రత, మంచి నీళ్లూ సరుకులూ. అంకెలు కూడా చెప్పండి. ఉడికినప్పుడు లోపల 70 డిగ్రీల సెల్సియస్ దాటాలి. వడ్డించేదాకా 60 పైన, నిల్వ ఉంచేది 5 కింద. బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు. ఒక థర్మామీటరు కొనిస్తే ఈ పాఠం నిలుస్తుంది.

శుభ్రత చూసేవాళ్ల పనిలోని ప్రమాదాన్ని మనం బొత్తిగా పట్టించుకోం. బ్లీచ్‌ను టాయిలెట్ యాసిడ్‌తో కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది, అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో కలిపితే క్లోరమైన్లు. రెండూ ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. ఇంకా బాగా మెరవాలని రెండూ కలిపేవాళ్లు ఉంటారు. సీసా మీది ఎర్ర అంచు డైమండ్ గుర్తులకు అర్థాలు బొమ్మలతో నేర్పండి, రసాయనాలను తాగునీటి సీసాల్లో పోయనివ్వకండి. గ్లవ్స్ ఇవ్వకుండా గ్లవ్స్ గురించి శిక్షణ ఇవ్వొద్దు.

డ్రైవర్లకు, హెల్పర్లకు రెండు అలవాట్లు ఎముకల్లోకి ఇంకాలి. ప్రతి ట్రిప్పు చివర వెనక సీటు దాకా నడిచి, సీట్ల కింద వంగి చూడటం. నిద్రపోయిన పసివాడు మిగిలిపోయేది అక్కడే. రెండోది, దిగిన పిల్లలంతా దూరం జరిగారని లెక్క చూసుకున్నాకే బండి కదపడం. చేజారిన పెన్సిలు కోసం బస్సు ముందు వంగిన పిల్ల డ్రైవరు కంటికి ఆనదు.

ఆఫీసులో పాస్‌వర్డులు పంచుకోకపోవడం, అనుమానంగా ఉన్న లింకులు తెరవకపోవడం, రికార్డులకు మూడు కాపీలు రెండు రకాల మాధ్యమాల్లో ఉంచి ఒకటి బడి బయట దాచడం. వీటికంటే కష్టమైంది కోపంగా వచ్చిన తల్లిదండ్రులతో మాట్లాడటం. దాన్నీ పాత్రాభినయంతోనే నేర్పాలి.

8. నేర్పే పద్ధతి

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ఫ్యాక్టరీల్లోకి అనుభవం లేని కార్మికులు పెద్ద ఎత్తున వచ్చిపడినప్పుడు వాళ్లకు త్వరగా పని నేర్పడానికి ఒక నాలుగు మెట్ల పద్ధతి వాడారు. ఇప్పటికీ దానికంటే సులువైనది నాకు కనిపించలేదు. మనిషిని కుదుటపరిచి, తనకు ఇప్పటికే ఏం తెలుసో కనుక్కోవాలి. చేసి చూపిస్తూ ఒక్కో మెట్టు ఎందుకో చెప్పాలి. తర్వాత వాళ్లతో చేయించి, వాళ్లతోనే చెప్పించాలి. చివరగా ఒంటరిగా వదిలి, మధ్యమధ్యలో వెళ్లి చూస్తుండాలి. చాలామంది రెండో మెట్టు దగ్గరే ఆగిపోతారు.

చదవడం సరిగా రానివాళ్లు ఉంటే పది మందిలో బయటపెట్టకండి. అందరికీ బొమ్మల కార్డులే ఇవ్వండి. వాళ్లకు అర్థం కాని కాగితం మీద సంతకం చేయించుకోవద్దు. నేర్పేవాళ్లు బయటి నుంచే రావాలని లేదు. పాతికేళ్ల అనుభవం ఉన్న వంటావిడ, ఒక్క యాక్సిడెంటు కూడా లేని డ్రైవరు మీ దగ్గరే ఉండొచ్చు. వాళ్లకు ముందుగా చెప్పి, సిద్ధం కావడానికి సమయమిచ్చి, ఆ పనికి కొంత గౌరవ పారితోషికం ఇవ్వండి.

9. పని మారిందో లేదో చూడండి

అమెరికన్ ఆచార్యుడు డొనాల్డ్ కిర్క్‌ప్యాట్రిక్ 1959లో శిక్షణను నాలుగు స్థాయుల్లో కొలవాలన్నాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో చేస్తున్నారా, ఫలితం వచ్చిందా. మనం సంతకాల షీటు, ఫీడ్‌బ్యాక్ ఫారం దగ్గర, అంటే మొదటి స్థాయిలోనే ఆగిపోతాం. నెల తర్వాత వెళ్లి మూడోది చూడండి. డ్రైవరు వెనక సీటు దాకా నడుస్తున్నాడా? బ్లీచ్ సీసా ఎక్కడుంది? నడవడం లేదంటే తిట్టే ముందు కారణం అడగండి. తర్వాతి ట్రిప్పుకు మధ్య నాలుగు నిమిషాలే ఉన్నాయని తెలిస్తే తప్పు టైమ్‌టేబుల్‌ది.

ఒక నోటు పుస్తకం పెట్టి, ప్రమాదం తృటిలో తప్పిన ప్రతి సందర్భాన్ని పేర్లు లేకుండా రాయించండి. తర్వాతి సెషన్లకు విషయం అందులోంచే దొరుకుతుంది.

10. ఎదగడానికి దారి

ఏడాదికోసారి ఒక్కొక్కరితో అరగంట విడిగా కూర్చుని, వచ్చే రెండు మూడేళ్లలో ఏం కావాలనుకుంటున్నారో అడగండి. ఆయాకు ప్రీస్కూల్ సహాయకురాలి కోర్సు, క్లర్కుకు అకౌంట్స్, లైబ్రరీలో సాయం చేసే అబ్బాయికి లైబ్రరీ సర్టిఫికెట్ కోర్సు. పరీక్ష రోజులకు సెలవు, వీలైతే ఫీజులో కొంత. కానీ పోస్టు లేకుండా ప్రమోషన్ ఆశ పెట్టొద్దు. కోర్సు పూర్తి చేశాక బాధ్యత పెంచి జీతం పెంచకపోతే మంచి మనిషి వెళ్లిపోతాడు, వెళ్లడం న్యాయమే.

11. కొత్తగా చేరినవాళ్లు, ఒక్క రోజుకు వచ్చినవాళ్లు

వార్షిక శిక్షణ జూన్‌లో జరిగిందనుకోండి, ఆగస్టులో చేరిన హెల్పర్ మళ్లీ జూన్ దాకా ఆగకూడదు. పిల్లల మధ్యకు వెళ్లక ముందే పిల్లల రక్షణ, అత్యవసర దారులు, ఎవరికి చెప్పాలన్నవి నేర్పి, మొదటి రెండు వారాలు ఒక పాత మనిషి పక్కన ఉంచండి. డ్రైవరు సెలవు పెడితే బదులుగా వచ్చే వ్యక్తికి ఒక పేజీ కార్డు తయారుగా ఉంచండి: రూటు, ఏ స్టాపులో ఎంతమంది దిగాలి, ఎలర్జీ లేదా ఫిట్స్ సమస్య ఉన్న పిల్లలెవరు, ఫోన్ చేయాల్సిన నంబర్లు, చివర్లో వెనక సీటు దాకా నడిచి చూడాలన్న వాక్యం పెద్ద అక్షరాల్లో. సాయంత్రం ఆ కార్డు తిరిగి తీసుకుని ఆఫీసు బీరువాలో పెట్టాలి, అందులో పిల్లల ఆరోగ్య వివరాలున్నాయి కాబట్టి.